టైర్లకి గడ్డం గీసిన వదిన

నార్స్‌మన్, పశ్చిమ ఆస్ట్రేలియా
సెప్టెంబరు

వదినా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారు పడకు. ఫోన్ చేస్తే మా అన్నయ్య స్పీకరు పెట్టి, మనిద్దరి మాటలూ తనే మాట్లాడేస్తాడు. ఈ సంగతి నీకూ నాకూ మధ్యే ఉండాలి.

వచ్చే మార్చిలో మీరిద్దరూ ఇక్కడికి రావాలి. ఎందుకని అడక్కు. నాకు అరవై అయిదు నిండుతాయని చెప్పు అన్నయ్యకి. నిజానికి అవి నిరుడే నిండాయి కానీ, చెల్లెలి వయసు గుర్తు పెట్టుకునే అన్నయ్య కాడుగా మనవాడు.

వచ్చేముందు ఒక పని చేసిపెట్టు. కారు వెనక తగిలించి లాక్కొచ్చే మీ ఇంటిబండి, ఆ కారవాన్ టైర్లకి పక్కగోడ మీద ఒక కోడిగుడ్డు ఆకారం గీత ఉంటుంది. అందులో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఆ టైరు ఎప్పుడు పుట్టిందో అది చెబుతుంది. చూసి రాయి. అన్నయ్యని అడిగితే పాఠం చెబుతాడు తప్ప అంకెలు చెప్పడు.

ఇంత తెలివి నాకెక్కడిదీ అంటావేమో. ఇక్కడ ఒకరు చెప్పారు. కారవాన్ టైర్లు అరిగి చావవట, ముసలితనంతో చస్తాయట. ఆరేడేళ్ళు దాటితే పైకి నిగనిగలాడుతున్నా లోపల రబ్బరు బిరుసెక్కి పొరలు విడిపోతాయట. ఎండలో, బరువుతో, ఆగకుండా పోతే ఒక్కసారిగా పేలుతుందట. మీ ఊరి నుంచి మా ఊరికి ఉన్నదంతా ఎండా, బరువూ, ఆగకుండా పోవడమే కదా.

పోయినసారి మీరొచ్చినప్పుడు ఇక్కడి టైర్ల షాపాయన "మీ బండి ముక్కు ఆకాశాన్ని వాసన చూస్తోందండీ" అన్నందుకు అన్నయ్య ఎంత రగడ చేశాడో గుర్తుందిగా. అందుకని ఈ మాటలు నా నోట రాలేదనుకో, ఆ ఒకరి నోట అసలే రాలేదనుకో.

నీ
నోరీన్


వల్లరూ, దక్షిణ ఆస్ట్రేలియా
అక్టోబరు

నోరీన్ తల్లీ,

మీ అన్నయ్య బౌల్స్ ఆటకి వెళ్ళిన పూట చూసి నీ పని చేశాను. చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ వెతికితే బయటి వైపు అంకెలే లేవు. ఈ మహానుభావుడు బిగించేటప్పుడు ఆ వైపు లోపలికి తిప్పించాడు కాబోలు. సరేనని బంగాళాదుంపల గోతాం పరుచుకుని, టార్చిలైటు పట్టుకుని, అరవై ఎనిమిదేళ్ళ ఒళ్ళు బండి కిందికి దూర్చాను. పక్కింటి డోరిన్ కంచె మీంచి చూసి అంబులెన్సుకి ఫోన్ చేయబోయింది.

నాలుగింటి మీదా ఒకటే: 3114. అంటే రెండు వేల పధ్నాలుగు, ముప్పై ఒకటో వారం. పదకొండేళ్ళు! మన బూడిదరంగు పిల్లి కంటే పెద్దవి.

సాయంత్రం టీ ఇస్తూ మెల్లగా అన్నాను. "లెస్టర్, మన టైర్లకి పదకొండేళ్ళట."

"ఎవరు చెప్పారు?"

"టైరే చెప్పింది."

"ఓహో, నీతో టైర్లు కూడా మాట్లాడుతున్నాయన్నమాట. నాతోనే ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు." ఇంకేముంది, కప్పు పట్టుకుని లేచాడు, పాఠం మొదలైంది. "గాడులు చూడు, వేలు పెడితే గోరు మునుగుతోంది. అరగని టైరు పారేయడానికి నేనేమన్నా మంత్రినా? అయినా రెండు ఇరుసుల బండి ఎందుకు కొన్నాననుకున్నావ్? ఒక టైరు పేలితే ఇంకో మూడుంటాయి. మా నోరీన్ డొక్కు బండిలాగా ఒంటి ఇరుసా ఇది, ఒకటి పోతే కూలబడ్డానికి?"

అదీ మీ అన్నయ్య సిద్ధాంతం. రెండో ఇరుసు కొనుక్కున్నాడు కాబట్టి ఇక టైర్ల గురించి ఆలోచించే బాధ తప్పిందట. పైగా కారవాన్ క్లబ్బులో కొత్తవాళ్ళకి బండి లాగడం నేర్పే గురువు ఈయనే. ఆ శిష్యులని తలుచుకుంటే జాలేస్తుంది.

ఒట్టేసి చెబుతున్నాను నోరీన్. ఆ టైర్ల మీద, మార్చి ఎండలో, నల్లర్‌బోర్ మైదానంలోకి నేను రాను. నేను రాకపోతే ఆయనా రాడు, టీ ఎవరు పెడతారు? నువ్వేమో రావాలంటున్నావు. నాకూ రావాలనే ఉంది. ప్రాణాలతో రావాలని ఉంది.

అన్నట్టు, నీ ఉత్తరంలో ఆ "ఒకరు" ఎవరు? ఒక్క ఉత్తరంలో అన్ని "ట"లు నువ్వు ఎప్పుడూ రాయలేదే!

ఎల్వా వదిన


నార్స్‌మన్
నవంబరు

వదినా,

గోతాం సంగతి చదివి ఎంత నవ్వానంటే కళ్ళజోడు టీలో పడింది.

అన్నయ్య సిద్ధాంతం ఇక్కడ వినిపించాను. మూడు రోజులు షాపులో అదే నవ్వు. ఆ తర్వాత నవ్వు ఆపి, అట్టముక్క మీద బొమ్మ గీసి నాకు వివరంగా చెప్పారు. నీకు అలాగే చెబుతాను.

మీ అంత బరువు బండికి రెండు ఇరుసులు ఉండాల్సిందే, అందులో అన్నయ్య తప్పు లేదట. బరువు నలుగురు మోస్తారు, బండి నిలకడగా వస్తుంది. చిక్కంతా ఆ నిలకడతోనే. నా ఒంటి ఇరుసు బండికి గాలి తగ్గితే వెంటనే ఒక పక్కకి లాగుతుంది, నాకు తెలుస్తుంది, ఆగుతాను. మీ బండిలో ఒక టైరు చచ్చినా ముందు కూర్చున్నవాడికి తెలియదట. పక్కనున్న టైరు రెండింటి బరువూ మోసుకుంటూ, కాగి కాగి, కాసేపటికి అదీ పోతుందట. అంటే ఒకటి పేలితే మిగిలేది మూడు కాదు, ఆ పక్కన మిగిలిన ఒక్కటి. దానికీ పదకొండేళ్ళే!

బండి ముక్కు పైకెత్తి ఉంటే బరువు వెనక ఇరుసు మీదికి పోతుందని కూడా అన్నారు. అదేమైనా సరిచేశాడా మన వీరుడు?

"ఏడాదికి ఎన్నాళ్ళు కదులుతుంది ఆ బండి?" అని అడిగారు. నెల అన్నాను. "అయితే మరీ ప్రమాదం" అన్నారు. కదలకుండా ఒకేచోట బరువు మోస్తూ ఎండలో నిలబడ్డ టైరు తొందరగా ముసలిదవుతుందట.

ఇక "ట"ల సంగతి. ఊళ్ళో టైర్ల షాపు ఒకటే ఉంది. అక్కడికి వెళ్ళక ఎక్కడికి వెళతాను? వేరే ఏమీ లేదు. ఊరికే ఊహలు అల్లకు.

నోరీన్

తా.క.: అన్నయ్యని నలుగురిలో పెట్టి ఒకసారి ఆటపట్టిస్తే? చిన్నప్పుడు అలాగే దారికొచ్చేవాడు.


వల్లరూ
డిసెంబరు

మరదలా,

"వివరంగా చెప్పారు" అట. "అన్నారు" అట. "అడిగారు" అట. మూడేళ్ళ కిందట అదే మనిషిని "ఆ మొరటాయన" అనేదానివి. మొరటాయనకి ఈ మర్యాద ఎప్పుడొచ్చింది? మూడు రోజులు షాపులో ఏం చేశావు, టైరు మీద కూర్చుని?

సరే, నీ పని తర్వాత చెబుతా. ముందు ఇక్కడి వేడుక విను.

క్లబ్బు వాళ్ళంతా పోర్ట్ హ్యూస్ బీచి దగ్గర బళ్ళు పెట్టుకుని కూడాం. సాయంత్రం అందరూ మడత కుర్చీలు వేసుకుని, కొత్తగా వచ్చిన జంట కారవాన్ వెనక్కి పెట్టలేక పోట్లాడుకుంటుంటే చూస్తూ బీరు తాగుతున్నారు. ఆ ఆట అయిపోగానే నేను కేకు తెచ్చాను. నల్లటి చాక్లెట్ కేకు, గుండ్రంగా, మధ్యలో బెజ్జం. పదకొండు కొవ్వొత్తులు. దాన్ని తీసుకెళ్ళి మా బండి ఎడమ వెనక టైరు ముందు పెట్టి పుట్టినరోజు పాట ఎత్తుకున్నాను. నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "ఎవరికి ఎల్వా పుట్టినరోజు?" "మా నలుగురు కవలలకి!"

మీ అన్నయ్య ఎర్రబడతాడనుకున్నాను. ఆయనేం చేశాడో తెలుసా? దర్జాగా లేచి కొవ్వొత్తులు ఊదేశాడు. తర్వాత కేకు తింటూ ఉపన్యాసం. "ఏడాదికి ఒక్క నెల వాడాను. పదకొండేళ్ళకి పదకొండు నెలలు. అంటే నా టైర్లకి ఇంకా ఏడాది కూడా నిండలేదు! పసిపిల్లలు! ఎల్వా తొందరపడి కేకు చేసింది." సగం మంది తలూపారు నోరీన్! చప్పట్లు కొట్టారు! నా కేకుతో నన్నే కొట్టాడు.

నీ మొరటాయన చెప్పిన "కదలకపోతే మరీ ప్రమాదం" అన్న మాట అన్నాను. "ఏ డాక్టరు చెప్పాడు?" అన్నాడు. పేరు చెప్పలేక ఊరుకున్నాను. చెబితే అసలు బయల్దేరేవాడే కాదు.

ముక్కు మాట అడిగావు. మీ ఊరి నుంచి తిట్టుకుంటూ తిరిగొచ్చిన ఆర్నెల్లకి తనే బండి తగిలించే కొక్కెం కిందికి దింపించుకున్నాడు. అది తన సొంత ఆలోచన అని క్లబ్బులో గంట మాట్లాడాడు. మంచి మాట ఎవరో చెబితే వినడు. పాతబడి, తన బుర్రలో పుట్టినట్టు అనిపిస్తే అప్పుడు వింటాడు. మనకి అంత టైము లేదు.

ఇప్పుడు నువ్వు నిజం చెప్పు. మార్చిలో ఏముంది? చెప్పకపోతే ఈ ఉత్తరాలన్నీ మీ అన్నయ్యకి గట్టిగా చదివి వినిపిస్తాను.

ఎల్వా


నార్స్‌మన్
జనవరి

వదినా, రాక్షసీ,

ఓడిపోయాను. ఆయన పేరు మిర్కో. మార్చిలో రెండో శనివారం మా పెళ్ళి.

నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

పోయినసారి అన్నయ్య ఆయన షాపు ముందు అరిచి వెళ్ళాక, సిగ్గేసి వారం తర్వాత నేను క్షమాపణ చెప్పడానికి వెళ్ళాను. "మీ అన్న అరిచినా పరవాలేదు, ఆ బండి మాత్రం ఇంటికి చేరిందా?" అని అడిగాడు. చేరిందన్నాను. అమ్మయ్య అన్నాడు. తనని తిట్టిన మనిషి క్షేమంగా చేరాడా అని అడిగిన మగవాణ్ణి నేను అప్పటిదాకా చూడలేదు వదినా. అప్పట్నుంచి నా బండి టైర్లలో గాలి వారానికోసారి తగ్గడం మొదలైంది. మూడో నెలకి ఆయనకి అనుమానం వచ్చింది. వాల్వు నొక్కి గాలి నేనే వదిలేస్తున్నానని కనిపెట్టేశాడు.

అన్నయ్యకి చెప్పే ధైర్యం నాకు లేదు. "ఆ టైర్లవాడా!" అంటాడు. కానీ అమ్మా నాన్నా పోయాక నాకున్నది తనొక్కడే. చర్చిలో పెళ్ళికొడుకు దాకా నా చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది తనే. తను రాకపోతే నేను ఒక్కదాన్నే నడవాలి, అది నాకిష్టం లేదు. అందుకే మీరు రావాలి. ఆ టైర్ల మీద మాత్రం వద్దు.

మిర్కో ఒక ఉపాయం చెప్పాడు. అన్నయ్యతో వాదించొద్దట. టైరు పక్కగోడ మీద కాగితం పెట్టి, చిన్నప్పుడు నాణేల మీద రుద్దేవాళ్ళమే, అలా పెన్సిలుతో రుద్ది పంపు. అక్షరాలన్నీ దిగుతాయి. ఏ కంపెనీ, ఏ కొలత, ఎంత బరువు మోస్తుంది, అంతా ఆయన చదువుకుని, అచ్చం అలాంటివే కొత్తవి మీ దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయో కనుక్కుంటాడు. అన్నయ్య ఊళ్ళో లేనప్పుడు మార్పించెయ్. అంకెలు మళ్ళీ లోపలి వైపుకే. మోకాళ్ళ నొప్పులతో ఆయన కింద దూరి చూడడుగా!

వదినా, ఇది మోసమే. కానీ బతికించే మోసం కదా?

నోరీన్


వల్లరూ
ఫిబ్రవరి

కాబోయే పెళ్ళికూతురికి,

నీ టైర్లలో గాలి నువ్వే వదిలేశావా! ఇంతకాలం మీ కుటుంబంలో తెలివైనవాళ్ళు లేరనుకున్నాను. క్షమించు.

పని అయిపోయింది. మీ అన్నయ్య బౌల్స్ జట్టుతో బ్రోకెన్ హిల్ వెళ్ళాడు. ఆయన బస్సు మలుపు తిరగ్గానే టైర్ల వ్యాను ఇంటి ముందు ఆగింది. నాలుగూ మార్చారు, వెనక తగిలించే అయిదోది కూడా. అంకెలు లోపలికి.

అప్పుడు చూసుకున్నాను అసలు చిక్కు. కొత్త టైర్లకి ఒళ్ళంతా వెంట్రుకలు నోరీన్! సన్నటి రబ్బరు ముళ్ళు, వారం రోజులు గీసుకోని గడ్డంలాగా. గుడ్డివాడు తడిమినా కొత్తవని చెప్పేస్తాడు. ఏం చెయ్యను? మీ అన్నయ్య రేజరు తెచ్చాను. పీట వేసుకు కూర్చుని అయిదింటికీ నున్నగా గడ్డం గీశాను. డోరిన్ మళ్ళీ కంచె మీంచి చూసింది. ఈసారి అంబులెన్సుని కాదు, వాళ్ళాయన్ని పిలిచి చూపించింది.

తర్వాత ఉప్పు కయ్యల బురద, పెరటి ఎర్రమట్టి, కాస్త పాత వంటనూనె కలిపి పూశాను. ఎండలో ఆరాక పదకొండేళ్ళు కాదు, పాతికేళ్ళవి అనిపించాయి. పాత టైర్లని వ్యాను కుర్రాడు జెట్టీ దగ్గర జాలర్లకి ఇచ్చాడు. పడవలు రాయికి కొట్టుకోకుండా అడ్డంగా కట్టుకున్నారు.

మీ అన్నయ్య తిరిగొచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. టైరు మీద తట్టి, "చూడు, ఎలా ఉన్నాయో. నువ్వేమో పారేయమన్నావ్" అన్నాడు. మర్నాడు చేపలు పట్టడానికి జెట్టీకి వెళ్ళి, వచ్చి, "ఎవడో వెధవ మంచి టైర్లు పడవలకి కట్టాడు, లోకంలో డబ్బు ఎక్కువైపోయింది" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి టవలు నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఒక్క ఫిర్యాదు. ఆ రేజరుతో గీసుకుని రెండు చోట్ల చెంప కోసుకున్నాడు పాపం.

బయల్దేరుతున్నాం. నీ పెళ్ళి మాట దారిలో ఎక్కడో మంచి మూడ్ చూసి నేనే చెబుతాను. నువ్వు నిశ్చింతగా గౌను కుట్టించుకో.

ఎల్వా వదిన


సెడ్యూనా
మార్చి, బుధవారం సాయంత్రం

నోరీన్,

ఇక్కడిదాకా క్షేమం. సముద్రపు గాలి చల్లగా ఉంది. మీ అన్నయ్య పక్క బండి వాళ్ళతో కబుర్లలో పడ్డాడు. పురుగులొస్తాయని మీ రాష్ట్రం సరిహద్దు తనిఖీలో కూరగాయలన్నీ లాక్కుంటారు కాబట్టి, ఉన్నవన్నీ వేసి సూపు పెట్టి, అది ఉడికేలోగా ఇది రాస్తున్నాను.

దారి పొడుగునా ఒకటే గొప్ప. పెట్రోలు కోసం ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి టైరు తడిమిస్తున్నాడు. "పదకొండేళ్ళవి! ఈ ఎండలో వచ్చాయి! చెయ్యి పెట్టి చూడండి, వేడే లేదు. టైర్ల కంపెనీల మాటలు నమ్మకండి!" మొదట్లో నాకు నవ్వాగలేదు. కింబాలో నాలుగోసారి చెప్పేసరికి కొంచెం తగ్గింది. ఇప్పుడు ఏమంత నవ్వు రావడం లేదు.

పక్క బండిలో బ్రోడీ, కేలా అని చిన్నవాళ్ళున్నారు. చంటిపిల్ల. మీ వైపు నుంచి వస్తున్నారు, పోర్ట్ ఆగస్టా వైపు వెళ్ళాలి. తాతగారు ఇచ్చిన బండి, ఎన్నో ఏళ్ళు కొట్టంలో పడి ఉందట. రేపు పొద్దున్న ఊళ్ళో టైర్లు మార్పించుకోవాలని మాట్లాడుకున్నారట. మీ అన్నయ్య ఇప్పుడే వాళ్ళకి మన టైర్లు చూపించి వచ్చాడు. "ఆ ఖర్చు పిల్ల కోసం దాచుకోండర్రా, మీవి నా వాటికంటే కుర్రవి" అన్నాడట. బ్రోడీ దణ్ణం పెట్టినంత పని చేశాడట.

వెంటనే వాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పేద్దామని లేచాను నోరీన్. అందరి ముందూ ఆయన మొహం ఏమవుతుందోనని కూర్చున్నాను. పొద్దున్నే కేలాని ఒక్కదాన్నీ పక్కకి పిలిచి చెబుతాను.

గురువారం సాయంత్రం

పొద్దున్న లేచేసరికి వాళ్ళ చోటు ఖాళీ. ఎండెక్కకముందే బయల్దేరిపోయారట.

మీ అన్నయ్య టోస్టు తింటున్నాడు. "లెస్టర్, ఆ టైర్లు కొత్తవి. నువ్వు బ్రోకెన్ హిల్ వెళ్ళినప్పుడు మార్పించాను" అన్నాను.

నవ్వాడు. "మళ్ళీ కేకా?"

"కాదు. వెళ్ళి కింద చూడు."

మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, నేల మీద పడుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ఒళ్ళంతా ఇసుక. తిడతాడని నిలబడ్డాను. తిట్టలేదు. "ఆ పిల్లలు వెళ్ళి ఎంతసేపయింది?" అన్నాడు. అంతే. కారవాన్ ఇక్కడే విప్పి వదిలేశాడు, కారు తిప్పాడు, నేను ఒక కాలు లోపల పెట్టానో లేదో పరిగెత్తించాడు.

ఊరు దాటగానే కారులో ఉన్న, బళ్ళవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో తీశాడు. లారీలన్నీ వినే నలభయ్యో ఛానెల్. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"తూర్పు వైపు పోయే లారీలవాళ్ళందరికీ. పాత తెల్ల కారవాన్, పైన పసుపు పడవ, లోపల చంటిపిల్ల. టైర్లు బాలేవు. కనిపిస్తే ఆపండి. మార్చుకోవద్దని వాళ్ళకి నేనే చెప్పాను. నా పేరు లెస్టర్ ట్రెవారో. నాకు తెలియక చెప్పాను. నావి పాత టైర్లు కావు. మా ఆవిడ నాకు తెలియకుండా కొత్తవి వేయించింది."

కాసేపు గరగర. తర్వాత ఒక లారీ. "ఏంటి తాతా? ఎవరు వేయించారు? సరిగ్గా వినపడలా, మళ్ళీ చెప్పు!" వెనక ఇంకోడి నవ్వు. వాళ్ళకి ప్రతి మాటా వినపడిందని, కావాలనే మళ్ళీ చెప్పిస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. మీ అన్నయ్యకీ తెలుసు. మళ్ళీ చెప్పాడు. మొదటి నుంచి, పేరుతో సహా. ఇంకో లారీ ఎదురైంది, మళ్ళీ చెప్పాడు. "పెళ్ళాం టైర్లు మార్చినా తెలుసుకోలేనివాడివి నువ్వేనా?" అని ఇంకొకడు. "నేనేనయ్యా. పసుపు పడవ. కనిపించిందా?" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పాడో నేను లెక్కపెట్టలేదు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పక్కన కూర్చుని నేను ఏడ్చాను నోరీన్, దాచుకోవడం దేనికి.

చివరికి ఒక ఆడ గొంతు. పూచెరా దాటాక గోధుమల గాదెల దగ్గర వాళ్ళు పాపకి పాలు పట్టడానికి ఆగారట. ఆవిడ తన లారీని వాళ్ళ బండికి అడ్డంగా పెట్టేసి, "ఎడమ టైరు పక్కగోడ మీద నా పిడికిలంత బుడిపె లేచింది. ఇంకో కాసేపు పోతే అయిపోయేది. నువ్వు మెల్లగానే రా తాతా, వీళ్ళెక్కడికీ పోరు" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మేం వెళ్ళేసరికి బ్రోడీ ఆ బుడిపె వంక చూస్తూ రోడ్డు పక్కన కూర్చున్నాడు. మీ అన్నయ్య వాడి పక్కన చతికిలబడి, "బాబూ, నేను చెప్పింది తప్పు. నా మాట వినకుండా ఉండాల్సింది" అన్నాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నోట "నేను చెప్పింది తప్పు" అన్న మాట నేను వినడం ఇదే మొదటిసారి. చక్రాలు ఊడదీయించి, కారులో వేసుకుని సెడ్యూనాకి వచ్చి, కొత్త టైర్లు వేయించి, మళ్ళీ అక్కడికి పట్టుకెళ్ళి బిగించేదాకా ఆయన కూర్చోలేదు. పొద్దంతా దానికే పోయింది.

తిరిగొచ్చేటప్పుడు నీ పెళ్ళి సంగతి చెప్పేశాను. ఒక రోజుకి ఇన్ని చాలు అనుకున్నా, ఇంకొక్కటి కూడా పట్టేట్టు కనిపించాడు. మిర్కో అని చెప్పాను. సెడ్యూనా రాగానే కారు ఆపి చేపల కొట్లోకెళ్ళి ఆయిస్టర్లు, అదే ఆల్చిప్పలు, పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, ఐసు పోయించి, "పెళ్ళికి ఖాళీ చేతుల్తో వెళతామా?" అన్నాడు.

కానీ శనివారానికి అందుకోలేం నోరీన్. తొందరపడి ఈ దారిలో రాత్రిపూట కంగారూల మధ్య పరిగెత్తనని అంటున్నాడు. నీ పెళ్ళిరోజు మేం పాడు చేశాం. ఈ ఉత్తరం పెర్త్ పోయే లారీ అబ్బాయి చేతికిస్తున్నాను. మీ షాపులోనే టైర్లు చూపించుకుంటాడట.

నీ వదిన


నార్స్‌మన్
శుక్రవారం సాయంత్రం

వదినా,

ఇది సరిహద్దు దగ్గర పెట్రోలూ భోజనమూ అమ్మే రోడ్‌హౌస్‌లో కౌంటరు మీద ఉంచమని తూర్పు పోయే లారీకి ఇస్తున్నాను. కూరగాయలు లాక్కునే చోటే నీకిది ఇస్తారు.

నీ ఉత్తరం ఇంకా రాకముందే మాకు కథంతా తెలిసిపోయింది. మధ్యాహ్నం ఒక డ్రైవరు టైరు అతికించుకోవడానికి వచ్చి, కూల్‌డ్రింకు తాగుతూ మొదలెట్టాడు. నలభయ్యో ఛానెల్‌లో ఒక ముసలాయన, పెళ్ళాం టైర్లు మార్చేస్తే గుర్తుపట్టలేనివాడు, ఆ సంగతి పేరు పెట్టి మరీ దేశం మొత్తానికి చాటుకుంటూ పోయాడని. లారీ నుంచి లారీకి ఆ మాట ఇక్కడిదాకా ఒక్క రోజులో వచ్చేసింది. షాపులో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. "ఏదో పేరు చెప్పాడు, ట్రెవారోనో ఏదో" అన్నాడు.

మిర్కో నా వైపు చూశాడు. నేను మా మధ్యాహ్నం భోజనం డబ్బాల దగ్గర నిలబడి ఉన్నాను.

"మా అన్నయ్య" అన్నాను.

డ్రైవరు సీసా కింద పెట్టేశాడు. "ఏమీ అనుకోకమ్మా" అని గొణిగాడు. "ఏం అనుకోవాలి? అవును, మా అన్నయ్యే!" అన్నాను, షాపంతా వినపడేట్టు. చిన్నప్పట్నుంచీ ఆ మాట ఎన్నిసార్లు తల దించుకుని అన్నానో నీకు తెలుసు వదినా. ఇవాళ అలా అనలేదు.

సాయంత్రం నీ ఉత్తరం అందగానే మిర్కో చేతులు తుడుచుకుని ఫోన్ తీసి చర్చికి చేశాడు. రేపటి పెళ్ళి రేపు లేదన్నాడు. మరెప్పుడని పాస్టరు అడిగితే, "పెళ్ళికూతురి అన్నగారు ఎప్పుడొస్తే అప్పుడు" అన్నాడు. కేకు ఫ్రిజ్‌లో పెట్టాం. గౌను తలుపుకి తగిలించి ఉంది. నా చెయ్యి పట్టుకోవడానికి ఎవరొస్తున్నారో ఊరంతా తెలుసు.

ఆదివారం కాకపోతే సోమవారం. మెల్లగా రండి.

నోరీన్